పది మాటలు, పది కణుపులు

నాకు అన్నిటికంటె పెద్ద భయం ఇది: పులివెందుల అవతల ఏదో పల్లెలో, నా బిడ్డ ఈడు పిల్ల ఒకతె, నేను నా చేత్తో రాసిచ్చిన కాగితం వల్ల చెవులు పోగొట్టుకుంటూ ఉంటుందేమోనని. నా బిడ్డకు జరగాల్సింది జరిగిపోయింది. దాన్ని తలుచుకుంటే ఏడుపు వస్తుంది గాని భయం వేయదు. భయమంతా ఆ రెండో పిల్లను గురించే.

నా పేరు వైదేహి. పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు ప్రొద్దుటూరు. మూడో ఫారం పరీక్షలు రాయకముందే పెళ్ళి చేసేశారు. తెలుగు చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషులో అక్షరాలు గుర్తుపడతాను, అంతే. మా ఆయన జనార్దనం తాలూకా ఆఫీసులో గుమాస్తా. మామగారు యజ్ఞనారాయణగారు పౌరోహిత్యం చేస్తారు. మా ఆయన చెల్లెలు వేదవతి పదమూడో ఏట క్షయతో పోయింది. అప్పటికి ఈ సూదిమందు ఈ పక్కకు రాలేదు. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ పిల్ల పట్టుపావడా ఒకటి పెట్టె అడుగున ఉండేది. మామగారు ఏడాదికొకసారి దాన్ని తీసి ఎండలో ఆరేసి, తానే మడతపెట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టేవారు. ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మా సీతాలక్ష్మికి ఆరేళ్ళు నిండాయి. ఆ వానాకాలంలోనే దానికి మెడ కుడిపక్కన గడ్డ లేచింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. ఎక్స్‌రేలో రొమ్ములో కూడా మచ్చ ఉందన్నారు. ఆ మాట విని మామగారు లోపలికి పోయి పెట్టె మీద కూర్చున్నారు. ఆ పూట భోజనానికి లేవలేదు.

మైదుకూరు రోడ్డులో ఒక పాత మిద్దె తీసుకుని, మద్రాసు డాక్టరొకాయన క్షయ ఉన్న పిల్లలకు ఉచితంగా సూదులు వేయిస్తున్నాడని ఎవరో చెప్పారు. ఆయన నెలకొకసారి వస్తాడు. మిగతా రోజుల్లో కాంపౌండరు మహబూబ్ బాషా చూసుకుంటాడు. ఆ వైద్యం వెనుక ఒక పరిశోధన ఉంది. ఒక రకం సూదిమందు క్షయను తగ్గిస్తుంది గాని కొందరికి చెవి తీసేస్తుంది. ఇంకో రకం కొందరికి నడక తూలిస్తుంది. ఏది ఎంతమందికి, ఎన్నో సూదికి అట్లా చేస్తుందో రాసుకోవడం, చెరుపు కనిపించగానే మందు మార్చడం డాక్టరు పని. ఇదంతా నేనిప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలియదు.

మొదటి రోజు డాక్టరు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. తమిళాయన, తెలుగు రాదు. రెండు వేళ్ళు తన చెవి మీద పెట్టుకుని చూపించాడు. తర్వాత అరచేతిని పడవలాగ అటూ ఇటూ ఊపాడు. నా వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తలూపి కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఏమన్నాడండీ?" అని బయటికి రాగానే అడిగాను.

"తొంభై సూదులంట. వారానికి మూడు. అంతా బాగవుతుందన్నాడు."

"మరి చెవి మీద చెయ్యెందుకు పెట్టుకున్నాడు?"

"గడ్డ చెవి కిందనే గదా. దాన్ని గురించి."

గడ్డ చెవికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు.

సూది వేసే ముందు వారానికొకసారి రెండు పరీక్షలు పెట్టేవారు. నాపరాళ్ళ మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి ఉండేది. మడమకు బొటనవేలు ఆనించి, ఆ గీత మీద కళ్ళు మూసుకుని నడవాలి. రెండోది గుసగుస పరీక్ష. పిల్ల గోడ వైపు తిరిగి నిలబడాలి. బాషా గది అవతలి కొసన, పన్నెండు అడుగుల దూరంలో నిలబడి, గొంతు లేకుండా ఒక్కో మాటా అంటాడు. పిల్ల దాన్ని తిరిగి చెప్పాలి. ఆవు, చెంబు, తలుపు, రొట్టె, చీపురు, మల్లె, కోడి, పలక, నిప్పు, గొడుగు. పది మాటలు. మాటలను ఏ వరసలోనైనా మార్చి చదవమని డాక్టరు చెప్పిపోయాడట. కాని కాగితం మీద గీతలు పెట్టే గళ్ళు పైనుంచి కిందికి ఉన్నాయి గనక, బాషా ఎప్పుడూ పైనుంచి కిందికే చదివేవాడు.

"తప్పితే ఏమవుతుంది బాషా?" అని మామగారు రెండో వారంలోనే అడిగారు.

"పేరు కొట్టేస్తారు సామీ," అన్నాడు బాషా సీసా ఊపుకుంటూ.

కొట్టేసి ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో అది నెగ్గాల్సిన బడి పరీక్షే అయిపోయింది. "పాపకు ఆ పదీ వల్లె వేయించమ్మా," అన్నారు మామగారు నాతో. "ఒక్కటి కూడా తడబడగూడదు." సరేనన్నాను. చదువు మధ్యలో పోయినదాన్ని, నా బిడ్డకు పదికి పది వస్తే నాకూ వచ్చినట్టే అనిపించేది. పొద్దున తల దువ్వేటప్పుడు, దువ్వెన ఒక్కో పాయలో దిగినప్పుడల్లా ఒక్కో మాట చెప్పించేదాన్ని. నాలుగు రోజుల్లో దానికి నీళ్ళ ప్రాయమయింది.

పరీక్షకు తీసుకుపోవడం మామగారి వంతు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆయన గోడ వారగా, పిల్లకు ఎదురుగా బల్ల మీద కూర్చుని, కుడిచేయి మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో కణుపులు లెక్కపెడుతూ గాయత్రి చేసుకునేవారు. బాషా ఎప్పుడైనా కాగితంలోంచి తలెత్తి, "పాప కోసం సామి ఈడగూడా జపం ఇడవడు," అనేవాడు మర్యాదగా.

ఇంట్లో జపం చేసేటప్పుడు మామగారు ఆ చేతి మీద తుండు కప్పుకుంటారు. కణుపులు లెక్కపెట్టే చేయి పరాయి కంట పడగూడదంటారు. ఆ గదిలో మాత్రం చేయి బయటే ఉండేది. ఏడేళ్ళుగా ఆయన జపానికి మడిబట్ట ఆరేసినదాన్ని, నాకు అది తట్టలేదు.

అక్కడే యల్లమ్మ పరిచయమయింది. వాళ్ళు గొర్రెలు మేపుకునేవాళ్ళు, పులివెందుల పక్కనుంచి వచ్చేవారు. మొగుడు కాటమయ్య, కూతురు బాలనాగమ్మ. వాళ్ళ పిల్లకు కూడా మెడకు గడ్డే. దూరం గనక సూదిమందు సీసాలు వాళ్ళకే ఇచ్చి పంపేవారు. పులివెందులలో ఒక కాంపౌండరు చేత వేయించుకుని, నెలకొకసారి డాక్టరు వచ్చే రోజున పరీక్షకు వచ్చేవారు. మొదటి రెండు నెలలు బాలనాగమ్మ పరీక్షలో నోరు తెరవలేదు. సిగ్గు.

"ఏం జెయ్యాలమ్మా దీనితో," అని యల్లమ్మ అరుగు మీద నా పక్కన చతికిలబడింది. "ఇది గొర్రెను కేకేస్తే నాలుగు చేన్ల అవతలికి ఇనపడతాది. ఈడికొస్తే నోట్లో ముద్ద పెట్టుకున్నట్ట నిలబడతాది. ఈతూరి చెప్పకపోతే పేరు కొట్టేస్తామంటాండాడు బాషా."

"మాటలు ముందే తెలిసుంటే భయపడదు యల్లమ్మా. నేను రాసిస్తా."

"నాకు రాసిస్తే ఏం జేసుకుందు? మా మేక సదువుకుంటాది."

"మీ ఊళ్ళో అయ్యవారితో చదివించి చెప్పించు."

బాషా పారేసిన సూదిమందు పెట్టె అట్టను చించి, దాని మీద పది మాటలూ వరసగా రాసి ఇచ్చాను. పెద్ద అక్షరాలతో, అందంగా రాశాను. యల్లమ్మ దాన్ని కళ్ళకద్దుకుని రవికలో దోపుకుంది.

తర్వాతి నెల యల్లమ్మ పరీక్ష గదిలోంచి మొహం వెలిగిపోతూ వచ్చింది. "పదికి పదమ్మా! మీ పుణ్యం." తర్వాత గొంతు తగ్గించి, నా చేయి గిల్లి నవ్వింది. "మీ సామి చేతి ఏళ్ళతో చెబుతాడు, మా ఆయన కట్టెతో చెబుతాడు. ఎవురి ఇద్దె వాళ్ళది."

"ఏం విద్య?"

"అబ్బ, ఏమీ తెలీనట్ట! గొర్రెలు కాసేటోని కన్నమ్మా, మా ఆయనకి కనపడకుండా ఏదీ పోదు."

జపాన్ని గురించి ఎగతాళి చేస్తున్నదనుకుని నేనూ నవ్వాను. అంతకు ముందు పరీక్ష జరిగినంతసేపూ కాటమయ్య గది తలుపు పక్కన గొంతుక్కూర్చుని, అడుగున ఇత్తడి పొన్ను తొడిగిన కట్టెను నాపరాతి మీద ఊరికే తాటిస్తూ ఉన్నాడు. టక్, కాసేపాగి టక్.

"శానా తెలివిగా చెబుతాంది గాని," అంది యల్లమ్మ, "ఇంటికాడ మాత్రం ఈ మధ్య పిలిస్తే పలకదు. పొగరెక్కింది."

"మాదీ అంతే," అన్నాను నేను. "వెనకనుంచి పదిసార్లు పిలవాల. తాత గారాబం."

ఇద్దరం నవ్వుకున్నాము. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా నాకు అన్నం దిగదు.

ఉగాది వెళ్ళిన వారానికి, ఒక పొద్దున పెరట్లో సీతకు తల దువ్వుతున్నాను. అది నాకు వీపు పెట్టి కూర్చుని గచ్చకాయలతో ఆడుకుంటోంది. రాత్రి సరిగా తినలేదు గదా అని, "ఆకలిగా ఉందా?" అని అడిగాను. దువ్వెన పాయలో దిగింది.

"ఆవు," అంది.

ఆటలో పడి ఏదో అంటున్నదనుకున్నాను. "ఆకలా అని అడుగుతున్నా."

దువ్వెన మళ్ళీ దిగింది. "చెంబు," అంది.

నా చేయి ఆగిపోయింది. ఆగితే అదీ ఆగింది. మెల్లగా దువ్వెనను ఇంకో పాయలోకి దించాను. ఈసారి నేనేమీ మాట్లాడలేదు. పెదవి కూడా కదపలేదు.

"తలుపు," అంది నా బిడ్డ, గచ్చకాయ ఎగరేస్తూ.

చివరిదాకా దువ్వాను. రొట్టె, చీపురు, మల్లె, కోడి, పలక, నిప్పు, గొడుగు. ఒక్కటి తప్పలేదు. తర్వాత దాని వెనకాల నిలబడి, చేతిలో దువ్వెన లేకుండా, "సీతా" అన్నాను. ఇంకొంచెం గట్టిగా అన్నాను. పక్కింటి పద్మావతమ్మగారు గోడ మీదుగా తొంగిచూసేంత గట్టిగా అరిచాక, అప్పుడు తల తిప్పింది.

"జలుబుకు చెవి మూసుకునుంటుందిలే," అన్నాడు మా ఆయన. "నీకు ప్రతిదీ కొంపలు మునిగినట్టే. దానికి తుమ్మొస్తే నాలుగిళ్ళు తిరుగుతావు."

నా మొహం చూడకుండా గోడ గడియారం చూస్తూ అన్నాడు. మా అమ్మను చూసి వస్తానని చెప్పి, మరుసటి రోజే బిడ్డను తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. పుట్టింటికి పోకుండా నేరుగా ఆసుపత్రికే పోయాను. అక్కడ ఒక ముసలి నర్సమ్మ ఉంది. బిడ్డను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకనుంచి గ్లాసుకు చెంచా కొట్టింది. కాగితం నలిపింది. చప్పట్లు కొట్టింది. చప్పట్లకు మాత్రమే అది కదిలింది. నర్సమ్మ దాని మెడ మీది గడ్డ చూసింది.

"ఎన్ని సూదులైనాయి?"

"అరవై ఒకటి."

"ఇంకొకటి వేయించొద్దు. ఇంటికి పొయ్యేలోపల ఎవరైనా వేస్తామన్నా వేయించొద్దు. మీ డాక్టరు దగ్గరికి పో, మందు మార్చమను. వేరేవి ఉండాయి." తర్వాత నన్ను వింతగా చూసింది. "ఈ మందు చెవి తీస్తాదని మీకు ఎవురూ చెప్పలేదా? మొదటి రోజే చెబుతారే!"

లేదన్నాను. అనేటప్పుడు, చెవి మీద పెట్టుకున్న ఆ రెండు వేళ్ళు కళ్ళముందు కనిపించాయి.

డాక్టరు వచ్చే రోజు దాకా ఆగాను. ఆ ఆరు రోజులూ పాపకు జ్వరమని చెప్పి సూది వేయించలేదు. మామగారికి కూడా చెప్పకుండా నేనొక్కదాన్నే బిడ్డను తీసుకుపోయాను. బాషా మధ్యలో నిలబడి నా మాట ఆయనకు, ఆయన మాట నాకు చెప్పాడు. డాక్టరు మొదట నమ్మలేదు. కాగితం తీసి నా ముందు పెట్టాడు. సీతాలక్ష్మి వరస పొడుగునా పదులే. ఇరవై వారాలు, ఇరవై పదులు.

"ఇట్లా వినే పిల్ల ఇంకొకతే ఉందంటాండాడమ్మా," అన్నాడు బాషా. "చెవి పోతాంటే ఈ కాగితం చెప్పేదంట. పదకొండు మందికి అట్లనే తెల్సి మందు మార్చినారంట."

"ఆ పదీ కాకుండా వేరే మాటలు అనమను."

డాక్టరు నన్ను కాసేపు చూసి, తానే లేచి వెళ్ళి బిడ్డను గోడ వైపు తిప్పాడు. ఎదురుగా బల్ల ఖాళీగా ఉంది. బాషా వెనకనుంచి గుసగుసగా ఏదో అన్నాడు. బిడ్డ పలకలేదు. మళ్ళీ అన్నాడు. సీత ఖాళీ బల్ల వైపు చూసింది, తలుపు వైపు చూసింది. దాని కుడిచేయి మోకాలి పక్కన వేలాడుతోంది. బొటనవేలు ఉంగరపు వేలి నడిమి కణుపు మీద ఆనించి పెట్టుకుంది. ఎప్పుడు కదపాలో ఎవరైనా చెబుతారని ఎదురుచూస్తోంది.

మామగారి జపం అక్కడే మొదలవుతుంది. ఉంగరపు వేలి నడిమి కణుపు ఒకటి, దాని కింది కణుపు రెండు. చిటికెన వేలు మీదుగా పైకి ఎక్కి, చూపుడు వేలి మొదట్లో దిగితే పది. పది కణుపులు. పది మాటలు.

అప్పుడు నాకు కట్టె చప్పుడు వినిపించింది. టక్, కాసేపాగి టక్. ఉత్త కాళ్ళతో నాపరాతి మీద నిలబడ్డ బాలనాగమ్మకు అది చెవితో పని లేకుండా తెలుస్తుంది.

"పైనుంచి కిందికి సదివింది నేనేనమ్మా," అన్నాడు బాషా. అతని మొహం పాలిపోయింది. "గళ్ళు అట్లుండాయి. సామి జపం చేసుకుంటాండాడనుకుంటి."

డాక్టరు తలపట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఆయన అన్నది బాషా మెల్లగా చెప్పాడు. "మొదటి రోజే మీ ఆయనకు అన్నీ చెప్పినాడంట. చెవి తగ్గితే చెప్పాల, మందు మారుస్తాం, వైద్యం ఆపం, అని. మీకు గూడా చెప్పమన్నాడంట. ఆయన చెప్పినానన్నాడంట."

"రెండో పిల్ల," అన్నాను. "పదులు వచ్చే ఆ రెండో పిల్ల బాలనాగమ్మేనా?"

ఆ పిల్లే. ఉగాది నాటికి దానికి నలభై సూదులయ్యాయి. దారి దూరమని, మిగిలిన యాభై సీసాలూ ఒకేసారి కట్టి ఇచ్చేశారు. వినికిడి బాగున్న పిల్ల, నెలనెలా రానక్కర్లేదన్నారు. శ్రావణం దాకా సరిపోతాయి. చిరునామా గడిలో పులివెందుల తాలూకా అని మాత్రం ఉంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్న జపంలో ఉన్నారు మామగారు. నేను వెళ్ళి ఆయన చేతి మీది తుండు తీసేశాను. మా ఇంట్లో కోడలు అట్లాంటి పని చేయడం ఎప్పుడూ లేదు. బొటనవేలు మధ్యలో ఆగింది.

"ఇది ఏ మాట మామగారూ?" అన్నాను. "మల్లెనా? కోడా?"

ఆయన చేయి ముడుచుకున్నారు.

"మూడో నెలలోనే తెలిసింది నాకు," అన్నారు. "శ్లోకం చెబుతుంటే నా నోటి వైపే చూస్తాంది. పేరు కొట్టేస్తారన్నాడు గదమ్మా. కొట్టేస్తే? వేదను ఈ చేతుల మీదే తీసుకుపోయినా. చెవి లేకపోతేనేం, పాప కళ్ళముందు తిరిగితే చాలనుకున్నా."

"చాలో చాలదో కన్నదాన్ని నన్నడగగూడదా? ఆ మాటలు దువ్వెన పట్టుకుని దానికి నేర్పింది నేను. నా చేతనే నేర్పించినారే!"

మా ఆయన ఆఫీసునుంచి వచ్చాడు. నేనడగకముందే నా మొహం చూసి తెలుసుకున్నాడు.

"చెప్పుంటే నువ్వు ఒప్పుకునేదానివా?" అన్నాడు చొక్కా తగిలించుకుంటూ. "చెవి పోవచ్చు అంటే నువ్వు మొదటి సూదే వేయించనిచ్చేదానివి కాదు."

"మందు మారుస్తామన్నాడంట గదా."

"మార్చినది పని చేయకపోతే? దీనికి గడ్డ కరుగుతాంది, జ్వరం పోయింది. కళ్ళకు కనపడతాంది గదా!"

"మామగారి వేళ్ళ సంగతి మీకూ తెలుసా?"

కాళ్ళు కడుక్కోవడానికని పెరట్లోకి పోయాడు. తెలుసు.

బిడ్డను నా వైపు తిప్పుకుని, దాని కళ్ళకు ఎదురుగా నా నోరు పెట్టి, మెల్లగా అడిగాను. "నీకు వినపడడం లేదని నాకెందుకు చెప్పలేదే?"

"తాత చెప్పొద్దన్నాడు," అంది అది. గొంతు ఎంత పైకి వస్తోందో దానికి తెలియడం లేదు. "చెబితే నువ్వు ఏడుస్తావంట. సూదులు ఆపేస్తారంట. నేను వేదత్త మాదిరి పోతానంట."

ఆరేళ్ళ పిల్లతో సహా ఇంట్లో అందరికీ తెలుసు. వండి పెట్టినదాన్ని, తల దువ్వినదాన్ని, నాకు తప్ప. వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకు ఇంత నొప్పి ఉండేది కాదు. నా బిడ్డ బతకాలని ముగ్గురూ కూడి నన్ను బయట నిలబెట్టారు. వాళ్ళు నాకు చెప్పి ఉంటే, ఏమో, నేను కూడా ప్రాణమే చాలనేదాన్నేమో. ఇప్పుడు ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు.

సీతకు మందు మార్చారు. గడ్డ పోయింది, జ్వరం లేదు. చెవి మాత్రం ఇంకా తగ్గవచ్చునన్నాడు డాక్టరు. ఆగిపోతే అదృష్టమన్నాడు. మామగారు ఇప్పుడు జపానికి పూజగదిలో తలుపు వేసుకుంటారు. వేదవతి పావడా ఈసారి ఎండకు తీయలేదు.

బాలనాగమ్మ కోసం డాక్టరు పులివెందుల కాంపౌండరుకు రెండు ఉత్తరాలు రాయించాడు. జవాబు లేదు. వైశాఖంలో మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేను బిడ్డను ఎత్తుకుని పులివెందుల బస్సెక్కాను. బస్టాండు దగ్గర టీ అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గొర్లోళ్ళా? ఏ ఊరమ్మా?"

"ఊరు తెలీదు. కాటమయ్య అని. యల్లమ్మ మొగుడు."

"కాటమయ్యలు ఈ తాలూకాలో ఊరికి నలుగురుండారు. ఊరి పేరు తెలీకుండా ఎట్లొస్తివమ్మా ఇంత దూరం?"

అది నిజం. నాలుగు నెలలు ఒకే అరుగు మీద కూర్చున్నాము. మా ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో కూడా యల్లమ్మకు తెలుసు. వాళ్ళ ఊరేదని నేను ఒక్కనాడూ అడగలేదు. లింగాల పోయే దారిలో దిగుతామని ఒకసారి తానే అంది. దాన్ని పట్టుకుని లింగాల దారిలో రెండు పల్లెలు తిరిగాను. రెండో పల్లెలో ఒక ముసలాయన, "ఎండకాలం గదమ్మా, మందలు తోలకపోయినారు. వాన పడితేనే వచ్చేది," అన్నాడు. సీసాలు కూడా మంద వెంటే పోయి ఉంటాయి. సూది వేసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు.

పులివెందుల కాంపౌండరును వెతికితే, ఆయన బదిలీ మీద పోయాడని తెలిసింది. మళ్ళీ పోతానంటే మా ఆయన బస్సు ఎక్కనివ్వడం లేదు. మద్రాసు డాక్టరు పరిశోధన ముగించుకుని, కాగితాలు కట్టుకుని వెళ్ళిపోయాడు. మిద్దెకు తాళం వేశారు. అందుకే ఇది రాసి వారపత్రికకు పంపుతున్నాను. కథ అని పైన రాస్తేనే వేసుకుంటారని మాకు అవతలి పక్కింటి మైమూన్ చెప్పింది. మీరు దేనిగా చదివినా సరే.

పులివెందుల పక్క వాళ్ళెవరైనా దీన్ని చదివితే, వానలకు మందలు తిరిగి వస్తాయి గనక, ఒక్కసారి ఆ పిల్లను చూడండి. బాలనాగమ్మ, ఏడేళ్ళది. ఎడమ కనుబొమ్మ మీద పొట్టేలు కొమ్ము తగిలిన మచ్చ ఉంటుంది, మెడకు కుడిపక్కన గడ్డ. మగపిల్లల చొక్కా వేసుకుని తిరుగుతుంది. దాని తండ్రి కట్టెకు ఇత్తడి పొన్ను ఉంటుంది. ముందు ఆ కట్టెను ఆయన చేతిలోంచి తీసుకోండి. పిల్లను మెత్తటి మట్టి మీద, మీకు వీపు పెట్టి నిలబెట్టండి. వెనకనుంచి, గట్టిగా కాకుండా పిలవండి. ఆవు, చెంబు అనవద్దు. నేను రాసిన ఆ పదింటిలో ఏదీ అనవద్దు. దాని పేరు పెట్టి పిలవండి, లేకపోతే దాని గొర్రెను పిలిచినట్టు పిలవండి. తిరిగి చూడకపోతే, ఆ సీసాల్లో మిగిలినవి వేయించవద్దని, జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి తీసుకుపొమ్మని యల్లమ్మతో చెప్పండి. కాటమయ్యకు మాత్రమే చెప్పి వచ్చేయవద్దు. యల్లమ్మకు చెప్పండి, ఆమె మొహానికి ఎదురుగా నిలబడి చెప్పండి. ఏ ఊరో కూడా అడిగి నాకు రాయండి.